అక్కకు కనబడని చుక్క

మా అక్క మూడేళ్లుగా నన్ను "యాడున్నవ్?" అని అడగడం లేదు. అడిగే పని లేదు. నేను ఎక్కడున్నానో ఆమె ఫోన్‌లో నీలం చుక్కగా కనబడుతుంది. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా ఆ చుక్క అబిడ్స్‌లో మా బడి మీద కదలకుండా ఉంటుంది. తర్వాత నాంపల్లి వైపు జరుగుతుంది. దారిలో ఎక్కడైనా పది నిమిషాలు ఆగిందంటే ఫోన్ మోగుతుంది. "ఆ మూలకు ఏం జేస్తున్నవే? కూరగాయలా? బెండకాయ ముదురుంటయి, విరిచి సూసి తీస్కో." నేను చెప్పకముందే నా సంచిలో ఏముందో ఆమెకు తెలిసిపోతుంది.

ఇంట్లో మేమిద్దరమే. అక్కకు అరవై నాలుగు, నాకు యాభై మూడు. ఇద్దరం పెళ్లి చేసుకోలేదు. మా కోసం ఇంకా ప్రార్థన చేస్తున్నామని చెప్పేవాళ్లు మా చర్చిలో ఇప్పటికీ ఉన్నారు. చేసుకోనీ, ప్రార్థనకు వద్దనకూడదు. మాది మెదక్ దగ్గర ఊరు. అమ్మానాన్న చిన్నప్పుడే పోతే అక్క నర్సు ఉద్యోగంలో చేరి నన్ను చదివించింది. ఇప్పుడామె రిటైరైంది. నేను అబిడ్స్‌లో ఒక బడిలో లైబ్రరీ చూస్తాను. నాంపల్లి స్టేషన్ వెనక సందులో, నాలుగిళ్ల కాంపౌండులో, రెండు గదులు కిరాయికి తీసుకుని ఉంటున్నాం.

ఈ చుక్క ఎలా వచ్చిందో చెప్పాలి. మూడేళ్ల కిందట వానాకాలంలో ఒక సాయంత్రం కుండపోతగా కురిసింది. నేను అబిడ్స్‌లో ఒక పుస్తకాల షాపు చూరు కింద నిలబడ్డాను. ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది. వాన తగ్గేదాకా ఆగుదామనుకున్నాను, తగ్గలేదు. రెండు గంటలు పోయాక అక్క గొడుగు వేసుకుని నన్ను వెతకడానికి బయల్దేరి, మా సందు మొగలోనే నీళ్లకింద కనబడని గుంతలో కాలుపెట్టి పడింది. మోకాలి చిప్ప పగిలింది. ఆపరేషన్ అయింది, కర్ర వచ్చింది, కుంటు మిగిలింది. దవాఖానాలోనే నా ఫోన్ తీసుకుని నా చుక్క ఆమెకు కనబడేలా పక్క మంచం పిల్ల చేత పెట్టించుకుంది. నేను కాదనలేదు. ఆ మోకాలి ముందు నేను దేనికీ కాదనలేను.

అయితే కాదనలేకపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు. ఈ మూడేళ్లలో నేనొక టీ తాగడానికి కూడా ఆమెకు తెలియకుండా కూర్చోలేదు. ఒకసారి కావాలనే బడి నుంచి ఉల్టా దిక్కుకు, గౌలిగూడ వైపు నడిచాను. ఎందుకు నడిచానో నాకే తెలియదు, ఉత్తినే. పావుగంటలో ఫోన్. "తొవ్వ తప్పినవా?" యాభై మూడేళ్ల మనిషిని, ముప్ఫై ఏళ్లుగా ఉన్న ఊళ్లో! చిరాకుతో ఏడుపొచ్చింది. ఆటో ఎక్కి ఇంటికొచ్చేశాను.

ఇలాంటి దాన్ని, నాకు అడవికి పోవాలనిపించింది.

మా బడి డ్రిల్ టీచర్ మాటల్లో పడి అలా అనిపించింది. ఆమెది కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. తాతల నాటి నుంచి హైదరాబాదే, కానీ మాట మాత్రం ఇంకా అక్కడిదే. రెండో శనివారాల్లో ఆరుగురు ఆడవాళ్లు కలిసి వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో నడుస్తారట. నాంపల్లిలో రైలెక్కితే పొద్దెక్కక ముందే దిగొచ్చు. వాళ్ల పద్ధతి విని నాకు ఆశ పుట్టింది. అందరూ ఒకేచోట బయల్దేరతారు, కానీ పది నిమిషాలకొకరు చొప్పున. ఎవరి నడక వారిది. ఎవరూ ఎవరి కోసం ఆగరు. మధ్యాహ్నానికి అందరూ కొండ కింద టీ బండి దగ్గర కలుస్తారు.

"కబుర్లు చెప్పుకుంటూ నడిస్తే అది నడకెందుకవుతుందండీ, పేరంటం అవుతుంది" అంది డ్రిల్ టీచర్. "ఒక్కటే నియమం మేడమ్. అక్కడ సిగ్నల్ ఉండదు. నెట్ లేకపోయినా దారి చూపించే మ్యాపు ఎవరి ఫోన్‌లో వారికి ఉండాలి. లేకపోతే తీసుకెళ్లం. పోయిన ఏడు ఒకావిడ తప్పిపోయి మా ప్రాణాలు తీసింది."

సిగ్నల్ ఉండదు. ఆ మాట నా చెవిలో తేనె పోసినట్టు పడింది. సిగ్నల్ లేని చోట చుక్క ఉండదు. పూటంతా నేనెక్కడున్నానో లోకంలో ఎవరికీ తెలియదు. కొండలు, చెట్లు, ఆరోగ్యం అన్నీ తర్వాత. నాకు కావలసింది అదొక్కటే, ఒక పూట ఎవరికీ కనబడకుండా ఉండడం. దానికోసమే నేను ఈ యాప్‌ల వెంట పడ్డాను.

మొదట అబిడ్స్‌లో ఫోన్ల మార్కెట్‌కు పోయాను. నా ఫోన్ పాతది, అది ఇలాంటి పనికి వస్తుందో రాదో తెలుసుకోవాలి. నాకు తెలిసిన దుకాణం ఒకటుంది. దాని యజమాని నా వయసు వాడే, తెల్ల గడ్డం, ముక్కు మీద భూతద్దం.

"నెట్ లేకుంట మ్యాపా?" అన్నాడతను. "నెట్ లేకపోతే ఫోన్ ఏంటికి మేడమ్? టార్చి కొనుక్కోండ్రి, సస్తా పడ్తది, పైసలు మిగుల్తయి."

నవ్వాక పనిలోకి దిగాడు. నా ఫోన్ తిప్పి చూసి, "దారి సూపెట్టే పుర్జా మంచిగనే ఉంది. జాగ లేదు. ఈ పొద్దుగాల ఫోటోలన్నీ తీసెయ్యండ్రి ముందు. మ్యాపు యాడ వెడ్తరు?" అన్నాడు. ఆ ఫోటోలు మా అక్క రోజూ పొద్దున నాకు పంపే బైబిల్ వాక్యాలు. పూల మీద వాక్యం, సూర్యోదయం మీద వాక్యం. పక్క గదిలో ఉండి పంపుతుంది. వందల కొద్దీ ఉన్నాయి. అక్కడే నిలబడి ఒక్కొక్కటీ తీసేస్తుంటే దొంగతనం చేస్తున్నట్టే ఉంది. అయినా తీసేశాను.

తర్వాత వారం రోజులు లైబ్రరీలో పిల్లలు లేని పీరియడ్‌లలో యాప్‌లు దింపడం, తీసెయ్యడం, ఇదే పని. మొదటిదానికి పేరు గొప్పది. కొండ ఎత్తులు, నీడలు, ఎండ ఎటు పడుతుందో కూడా చూపుతుంది. ఏడు రోజులు ఉచితమంటుంది, కానీ మొదటి రోజే కార్డు నంబరు అడుగుతుంది. ఎనిమిదో రోజు నుంచి ఏడాదికి సరిపడా ఒక్కసారే లాగేస్తుంది. ఆ డబ్బుకు మంచి బూట్ల జత వస్తుంది. ఏడాదికి పన్నెండు రెండో శనివారాలే కదా, అందులో అక్క నన్ను ఎన్నింటికి పోనిస్తుంది? తీసేశాను.

రెండోది ఉచితం. నేను ఫ్రీగా వస్తే ఫినాయిల్ తాగే రకాన్ని కాను గానీ, దాన్ని చూసి మాత్రం సంబరపడ్డాను. మనకు కావలసిన చోటును తెర మీద రెండు వేళ్లతో డబ్బాలా గీసుకోవాలి, ఆ డబ్బాలోని పటం ఫోన్‌లోకి దిగుతుంది. ఇక నెట్ ఉన్నా లేకపోయినా పని చేస్తుంది. ఇదే ఖాయం అనుకుని, ఆ సాయంత్రం ధైర్యం చేసి అక్కకు చెప్పాను.

అక్క కర్ర గోడకు ఆనించి, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. అడవి అనగానే చేతులు ఆగాయి.

"నెట్ లేకుంట నువ్వు యాడున్నవో ఫోన్‌కు ఎట్ల తెలుస్తదే?"

"పైన ఉపగ్రహాలుంటయక్కా. వాటిని బట్టి ఫోనే లెక్క గట్టుకుంటది. పటం మాత్రం ముందుగాల దింపుకోవాలె."

"అంటే నువ్వు యాడున్నవో పైనున్నోనికే ఎర్క. నాకెర్క గాదు."

ఉపగ్రహాలకు కూడా తెలియదని, తెలిసేది నా ఫోన్ ఒక్కదానికేనని చెప్పబోయి ఊరుకున్నాను. ఆమె పైనున్నోడు అన్నది ఉపగ్రహాన్ని కాదు.

పోవద్దు అనలేదు. మా అక్క ఎప్పుడూ దేన్నీ వద్దనదు. వద్దంటే కొట్లాడవచ్చు. "ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నరు. ముందుగాల ఈడ గెలిచి సూపియ్యి" అంది. అంటే పరీక్ష. ఫోన్‌లో సిగ్నల్ మొత్తం బంద్ పెట్టి, ఆ యాప్ పట్టుకుని, మా కాంపౌండు నుంచి అబిడ్స్ పోస్టాఫీసు దాకా పెద్ద రోడ్డు ఎక్కకుండా సందులంట పోవాలి. మళ్లీ వేరే సందులంట తిరిగి రావాలి. వస్తే అడవికి పోవచ్చు.

నర్సుగా చేసిన మనిషి, ఏ సూది మందైనా చర్మం మీద చుక్క వేసి చూసి గాని ఎక్కించదు. నాకూ అది సబబుగానే తోచింది. ఆ యాప్‌లో రెండు వేళ్లతో డబ్బా గీశాను. నాంపల్లి స్టేషన్, అసెంబ్లీ, ఎగ్జిబిషన్ గ్రౌండ్, కోర్టులు, మొజంజాహీ మార్కెట్, అబిడ్స్, మా బడి, మా చర్చి. అన్నీ పట్టాయి. పటం దిగింది.

ఆదివారం ఆరాధన అయ్యాక బయల్దేరాను. గేటు దగ్గర ఫోన్‌లో విమానం గుర్తు నొక్కాను. అక్క అరుగు మీద కుర్చీ వేసుకుని ఒళ్లో తన ఫోన్ పెట్టుకుని కూర్చుంది. నేను సందు మలుపు తిరిగేదాకా తల ఎత్తలేదు.

నిజం చెప్పాలంటే ఆ పరీక్షలో పస లేదు. ఆ సందులన్నీ నాకు కళ్లు మూసుకున్నా తెలుసు. కొళాయి గుంతలు, కుక్క పడుకునే మెట్లు, ఎండకు ఆరేసిన పరుపులు. చుక్క నాతోపాటే నడిచింది, ఒక్క సందు కూడా తప్పలేదు. పోస్టాఫీసు దగ్గర నిలబడి ఊరికే పటాన్ని వేలితో అటూ ఇటూ జరిపాను. నేను గీసిన డబ్బా అంచు దాటగానే బూడిదరంగు. అటు కాచిగూడ లేదు, ఇటు లక్డీకాపూల్ లేదు. నేను ముప్ఫై ఏళ్లుగా తిరిగిన చోట్లన్నీ ఆ డబ్బాలోనే ఉన్నాయి. బడి, ఇల్లు, చర్చి, బజారు, అక్క ఆపరేషన్ అయిన దవాఖానా. నా బతుకంతా అందులో పట్టి ఇంకా చోటు మిగిలింది. ఆదివారం మూసేసిన దుకాణాల ముందు నిలబడ్డ నాకు వికారాబాద్ పటం ఇప్పుడే, ఇక్కడే దింపేసుకోవాలనిపించింది. విమానం గుర్తు తీసేసి, కొండల మీద డబ్బా గీశాను.

యాప్ ఒప్పుకోలేదు. ఉచితంగా ఒక్క చోటే ఇస్తారట, నా వంతు అయిపోయిందట. ఇంకొకటి కావాలంటే డబ్బు కట్టాలట, అదీ ఏడాది చందా. అబిడ్స్ పటాన్ని తీసేసి చూశాను. తీసేసినా వాడినట్టే లెక్క. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. దారి తప్పడానికి వీలే లేని చోటు కోసం నాకున్న ఒక్క పటాన్నీ ఖర్చు పెట్టుకున్నాను. ఇంట గెలవమన్నది అక్క. గెలిచాను, ఇంట్లోనే ఉండిపోయాను.

ఒళ్లు మండిపోతూ, మళ్లీ విమానం గుర్తు నొక్కడం కూడా మరిచిపోయి, వేరే సందులంట ఇల్లు చేరాను. అక్క అరుగు మీద అలాగే కూర్చుని ఉంది. ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది. నా చుక్క మళ్లీ కనబడినందుకు కాబోలు, మొహంలోకి రక్తం వస్తోంది. ఆ మొహం చూసి ఇంకా మండింది.

"గింతసేపు ఫోన్ల ఏం సూస్తున్నవక్కా? నేనేమన్న ఖైదీనా? నలభై నిమిషాలు నేను కనవడకపోతే ఏమైతది? గీ చుక్క పెట్టుకొని మూడేండ్ల సంది నన్ను కావలి కాస్తున్నవ్!"

పక్కింటివాళ్లు వినేంత గట్టిగా అరిచాను. అక్క నా వైపు చూసింది. ఆశ్చర్యపోయింది, నిజంగానే.

"నిన్ను కావలి గాస్తున్న అనుకున్నవా?" అంది. "మొదట్ల గాసిన, ఔ. గట్లయినంక ఎవ్వలైనా గాస్తరు. మరి మోకాలు పోయినప్పటి సంది నేను చర్చికి దప్ప ఈ గేటు దాటలే, నీకెర్కనే. పొద్దుగాల నీ చుక్క బోతుంటే నేను గూడ బోయినట్టుంటది. ఇప్పుడు బూట్ల దుకాణం ఒచ్చింది, ఇప్పుడు బేకరీ ఒచ్చింది, గదే వాసన, అనుకుంట గూసుంట. నువ్వు ఆగితే ఫోన్ జేస్త, ఆడ ఏమున్నదో నీతోని చెప్పించుకుందామని. గౌలిగూడ దిక్కు పోయిననాడు ఎంత సంబురమైందో. ఆడ నేను ఎన్నేండ్లాయె సూడక. నువ్వేమో ఆటో ఎక్కి ఒచ్చేసినవ్."

నేను అక్కడే గడప మీద కూర్చుండిపోయాను. మూడేళ్లుగా నేను ఎవరితో పోట్లాడుతున్నానో ఆ మనిషి అక్కడ లేదు. ఉన్నది కదల్లేక నా వెంట నడుస్తున్న మనిషి. నాకు జాలి కలిగింది, సిగ్గు కలిగింది. కానీ సంకెళ్లు వదులైనట్టు మాత్రం అనిపించలేదు. ఇంకా బిగిశాయి. కావలి కాసే మనిషి నుంచైతే తప్పించుకోవచ్చు, కోప్పడవచ్చు. కాళ్లు లేనివాళ్లకు కాళ్లయినదాన్ని, నేను కనబడకుండా పోతే ఆమె కాళ్లు రెండోసారి విరగ్గొట్టినట్టే. పోనీ మానేద్దామా అనుకున్నాను. అప్పుడు ఒక పిచ్చి కోపం లేచింది. నాకు ఒక పూట కావాలి. అక్క మంచిదైనంత మాత్రాన నాకు ఆ పూట అక్కర్లేకుండా పోదు.

"పో" అంది అక్కే. "పరీక్ష గెలిస్తివి గద. ఒచ్చినంక యాడ యాడ తిరిగినవో చెప్పు, చాలు."

అక్కడితో యాప్ ఎంచుకునే పద్ధతే మారిపోయింది. అప్పటిదాకా చవకైనది, ఎవరికీ ఏమీ చెప్పనిది చూశాను. ఇప్పుడు నడిచిన దారిని గీతగా రాసిపెట్టుకునేది వెతికాను. మూడోది దొరికింది. చూడడానికి అందంగా ఉండదు. పటాలు ఎక్కడెక్కడి మనుషులో నడిచి, గీసి, ఊరికే పెట్టినవి. పెద్ద యాప్‌లో ఒట్టి పచ్చరంగుగా కనబడిన ఆ కొండలో ఇందులో కాలిబాటలు, వాగు, బండరాళ్లు కూడా ఉన్నాయి. ఒక్కసారి కట్టాల్సిన డబ్బు అక్క మోకాలి తైలం రెండు సీసాలంత, మళ్లీ జన్మలో అడగదు. జిల్లా పటమంతా దిగింది. సిగ్నల్ లేకుండానే దారిని రాస్తుంది.

శుక్రవారం సాయంత్రం ప్రయాణ ప్రార్థన చేసుకున్నాం. మా ఇంట్లో ఎవరు ఊరికి పోయినా ముందు దారి మొత్తం వరసగా చెప్పాలి. అమ్మ ఉన్నప్పటి నుంచీ అంతే. ఏ స్టేషన్, ఏ మలుపు, ఏ వాగు, ఒక్కొక్కదాన్నీ పేరుపెట్టి ప్రార్థిస్తేనే ఆ ప్రయాణం దేవునికి అప్పజెప్పినట్టు. అక్క కళ్లు మూసుకుంది. నాంపల్లిలో ఎక్కేటప్పుడు కాపాడమంది. బేగంపేట, లింగంపల్లి, శంకర్‌పల్లి, వికారాబాద్ అయ్యాయి. ఆటో కూడా అయింది. తర్వాత ఆగిపోయింది. కళ్లు తెరిచి, "ఆడికెళ్లి ఏముంటది?" అంది.

అక్కడి నుంచి పేర్లు లేవు. ఫోన్ తెచ్చి చూపించాను. చుక్కలు చుక్కలుగా ఉన్నది కాలిబాట, నీలంగా ఉన్నది వాగు. "ఈ సన్న గీతలేందే?" అంది. అవి ఎత్తును చూపేవని, దూరంగా ఉంటే చదును, దగ్గర దగ్గరగా ఉంటే నిటారు అని చెప్పాను. ఒక్కసారికే పట్టేసింది. మళ్లీ కళ్లు మూసుకుంది.

"ప్రభువా, నీలం గీత దాటేకాడ రాళ్లు పాకురువట్టి ఉంటయి, నా చెల్లె కాలు పట్టు. గీతలు దగ్గర వడ్డకాడ ఆమెకు ఆయాసమై దమ్ము రాకుంట సూడు. గీతలు దూరమైనకాడ జర కూసోనియ్యి. ఆమె ఊకె ఉరుకుతది, నీకెర్కనే."

ఆమెన్ అని, ఫోన్ చార్జింగ్‌కు పెట్టాను.

శనివారం వికారాబాద్‌లో దిగాం. అడవి మొదట్లో డ్రిల్ టీచర్ అందరి ఫోన్లూ తనిఖీ చేసి, పది నిమిషాలకొకర్ని పంపింది. నేను నాలుగోదాన్ని. అర కిలోమీటరు లోపే సిగ్నల్ గీతలు ఒక్కొక్కటీ పోయాయి. చివరిది పోయినప్పుడు ఆగి, నిలబడి చూశాను. నా చుక్క ఇప్పుడు నా చేతిలో మాత్రమే ఉంది. ఒకచోట బాట రెండుగా చీలింది. వెడల్పుగా ఉన్నదాంట్లోకి పోతుంటే చుక్క గీతకు దూరం జరిగింది. వెనక్కొచ్చి ఇరుకైనది పట్టుకున్నాను. యాప్ పని చేస్తోంది. వాగు దాటాను, పాకురు ఉంది. నిటారు ఎక్కాను, దమ్ము వచ్చింది. నేను వేసే ప్రతి అడుగు అక్క నిన్ననే వేసిందన్నట్టు ఉంది.

పైన చదునుగా ఒక బండ ఉంది. బాటకు కొంచెం పక్కగా, చెట్ల చాటున. అక్కడికి పోయి కూర్చున్నాను. ఎవరికీ తెలియదు, నాకు కావలసింది ఇదే. అప్పుడు ఫోన్ చూసుకుంటే, తెర మూల ఎర్రగా చిన్న గుండ్రం వెలుగుతోంది. రాస్తోంది. ఇక్కడికి పక్కకు జరిగానని రాసింది, కూర్చున్నానని రాస్తోంది. సాయంత్రం ఇదంతా చూపించాలి. ఆపేద్దామని వేలు పెట్టాను. ఆపితే గీత తెగుతుంది, ఎందుకు తెగిందని అడుగుతుంది. అబద్ధం చెప్పాలి. సిగ్నలే లేని అడవిలో, మనిషన్నవాడు కనబడని బండ మీద కూర్చుని కూడా నేను అక్కకు జవాబు వెతుక్కుంటున్నాను. ఏడ్చాను. గట్టిగానే ఏడ్చాను, వినేవాళ్లు లేరు కదా. తర్వాత ఫోన్ సంచిలో పెట్టి, ఆపకుండానే, ఊరికే కూర్చున్నాను. ఎంతసేపో చూసుకోలేదు. ఎవరి గురించీ ఆలోచించలేదు. నా వెనక బయల్దేరిన ముగ్గురూ బాట మీద నన్ను చూడకుండా దాటిపోయారు. ఆ కాసేపు చాలా బాగుంది. చెప్పకూడదు గానీ, అక్క లేనట్టే ఉంది.

టీ బండి దగ్గరకు అందరికంటే ఆఖరున చేరాను. డ్రిల్ టీచర్ గడియారం చూపించింది.

ఇంటికొచ్చేసరికి అక్క నీళ్లు కాచిపెట్టింది, అన్నం వండిపెట్టింది. రెండూ తర్వాత అంది. ఫోన్ తీసుకుని కళ్లజోడు పెట్టుకుంది. గీత ఎర్రగా, సన్నగా, కొండంతా పాకింది. వేలు పెట్టి మొదటి నుంచి వచ్చింది. "ఇది వాగు గదా? నీళ్లున్నయా? ఎంతకొచ్చినయ్?" పిక్క దాకా అన్నాను. "ఈడ రెండు తొవ్వలున్నయ్. పెద్దదాంట్ల పోయి మల్ల ఒచ్చినవ్." ఔనన్నాను. "గీతలు దగ్గర వడ్డయి, దమ్మొచ్చిందా?" వచ్చిందన్నాను. ఆమె మొహం చిన్నపిల్ల మొహంలా వెలిగిపోతోంది. మూడేళ్లలో అలా చూడలేదు.

వేలు పైన చదును దగ్గరకొచ్చి ఆగింది. మనం కదలకుండా కూర్చుంటే ఆ యాప్ ఊరుకోదు. చుక్కను అటూ ఇటూ వణికిస్తూ అక్కడక్కడే గీకుతుంది. అక్కడ ఎర్రదారం ఉండ కట్టి పడేసినట్టుంది.

"ఈడ ఏమైందే? గీత చిక్కువడ్డది. పడ్డవా?"

"లే. కూసున్న."

"గింతసేపా? కాలు నొచ్చిందా?"

నొచ్చిందంటే అయిపోయేది. తైలం రాసేది, అన్నం పెట్టేది. కానీ నాకు ఇంకో అబద్ధం మోసే ఓపిక లేదు.

"లేదక్కా. ఎవలకు ఎర్క లేకుంట జరసేపు ఉండాలనిపించింది. నీకు గూడ."

అక్క కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. "అయితే గది నాకెందుకు సూపించినవ్?" అంది. "చెరిపెయ్యి. గది నాది గాదు."

ఫోన్ తీసుకుని వెతికాను. ఆ యాప్‌లో మధ్య ముక్కను తీసెయ్యడం కుదరదు. తీసేస్తే గీత మొత్తం తీసెయ్యాలి, వాగు, చీలిన బాట, నిటారు, అన్నీ పోతాయి. అదే చెప్పాను.

"మొత్తం వద్దు" అంది వెంటనే. ఫోన్ లాక్కుని, ఆ ఎర్ర ఉండ మీద బొటనవేలు పెట్టింది. సూది తీశాక దూది అదిమినట్టు అదిమింది. అదిమిన వేలు ఏ మాత్రం కదిలినా పటం జరిగిపోతుంది. కదలనివ్వలేదు.

"ఊ, చెప్పు" అంది. "ఈడికెళ్లి లేచినంక ఎటు మలిగినవ్?"